రోమింగ్

మా సిరొంచల రోమింగంటే ఎవ్వలికీ కొత్త గాదు.
ప్రాణహిత ఒడ్డుకు బట్టలు ఉతుకబోతే చాలు,
ఫోను అవుతలి టవరును పట్టుకునేది.
తెలంగాణకు స్వాగతమని మెసేజు వచ్చేది,
మోకాలు లోతు నీళ్లల్ల నిలవడ్డ నాకు
నలభై పైసలు కట్టయ్యేది.
అట్ల శానసార్లు పరాయి రాజ్యం బొయ్యి
తడి బట్టలతోని మర్లొచ్చిన.

బానయ్య మాత్రం నిజంగనే బోయిండు.
నీళ్ల మోటార్ల కంపెనీ చిట్టీ దీస్తే
మా వైండింగు షాపు పేరొచ్చింది.
బ్యాంకాకు, ఐదొద్దులు, ఖర్చంత వాళ్లదే.
నాగపూరు బస్సెక్కేటప్పుడు సబ్బుతోని ఎంత రుద్దినా
గోళ్లల్ల వార్నిషు పోలె.

ఒక్కటే బుగులు ఆయనకు:
ఫోను కలుస్తదా?
తిండి గాదు, భాష గాదు, ఇమానం గాదు.
మిరప తోటలకు ఆఖరు తడులాయె,
రాత్రిపూట ఓల్టేజి ఎగిరి దుంకుతది.
నంబరేమో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల మీద,
అంకీస తొవ్వల కల్వర్టు మీద, మా షట్టరు మీద,
ఎర్ర పెయింటుతోని నేనే రాసిన,
చివరి ఏడు కొద్దిగ కారింది.
"రాసిన నంబరు అబద్ధం గావద్దు" అన్నడు.

రీచార్జి పిలగాడు ప్యాకేసిండు.
ఆ పైసలకు రెండు మోటార్లు చుట్టచ్చు.
వంద నిమిషాలు, అన్నడు.
అండ్ల నాకెన్నని నేనడగలే.

ఆయన దిగిన పొద్దే జాఫ్రాబాదు మొండయ్య చేసిండు.
మోటారు పక్కన ఫోను పెట్టుమన్నడంట,
సముద్రం అవుతల్నుంచి ఇన్నడంట.
"గరగర గాదు, గుర్రుమంటుంది. బేరింగు.
బందు చెయ్యి, కాయిలు కాలుతది.
అరవై రెండు సున్నా ఐదు, పై అరల ఉంటది,
ఇంటిదాన్ని అడుగు."

బేరింగు కోసం వచ్చిన మొండయ్య
చిల్లర లెక్కవెట్టుకుంట చెప్పిండు,
"ఆయనకు జర దగ్గున్నదమ్మా."

అట్ల నా పెనిమిటి సంగతి
కాలిన మోటార్లే మోసుకొచ్చినయి నాకు.
ఆత్రం లచ్చుబాయి స్టార్టరు మాడితే
ఆడ పడవల మీద కూరగాయలమ్ముతరని తెలిసింది.
నగరం వాళ్ల బోరు ఆగితే
దగ్గు తక్కువైందని, నవ్విండని తెలిసింది.
ఇంకెవలిదన్న పోతే బాగుండని
రాత్రి పండుకున్నంక ఒక్కసారి అనుకున్న.
ఆ పాపం నాదే, ఎవలికీ చెప్పలె.

నాలుగో పొద్దు తాలూకా మొత్తం కరెంటు లేదు.
తిరుగని మోటారు కాలది గదా,
ఎవ్వలూ రాలె.
దీపాల యాళ్లకు కరెంటొచ్చింది. అప్పుడు గూడ రాలె.

నేనే చేసిన.
ఇవుతలి టవరామె మరాఠీల లేడన్నది.
టార్చి వట్టుకొని ఒడ్డుదాకా నడిసిన,
అవుతలి టవరామె తెలుగుల లేడన్నది.
ఇంటికొచ్చి, కాళ్లు కడుగకుండనే ఇంకోసారి.
మోగింది. మనూరి మోత గాదది,
ఒక్కటే తీరుగ, పొడుగ్గ, ఎవల్నో దూరంకేలి పిలిచినట్టు.

ఎత్తిండు.
"ఏ మోటారు?" అన్నడు.

చెప్పుదామనుకున్నది గొంతుల్నే ఆగింది.
టేబులు ఫ్యాను ముందల ఫోను వట్టిన.
ఇన్నడు. నిమిషాలు కాలుతుంటె
శానసేపు ఇన్నడు.
"కెపాసిటరు డీలా వడ్డది,
రెండున్నరది ఎయ్యి" అన్నడు.

కెపాసిటరు నేను పొద్దున్నే మార్చిన.
పదకొండేండ్ల సంది మా ఇంట్ల అది నేనే మారుస్త,
ఆయనకు ఎరుకే.
ఫ్యాను నున్నగ తిరుగుతుంది, సప్పుడే లేదు.

"ఆఁ" అన్న.

"సక్కగ ఇనవడలే,
ఇంకోసారి వట్టు" అన్నడు.