నూలు దూరం

పటమట హైస్కూలు గ్రౌండు, ఆదివారం ఐదున్నర.
మంచుకి తడిసిన ఇసుకలో
ఇరవై ఒక్క జతల తెల్లబట్టలు.
ఇరవై మంది నా బొడ్డు దాకా వస్తారు.
మిగిలినవాణ్ణి నేను.
నలభై ఏడేళ్ళు, షుగరు బార్డర్లో,
నడుముకి తెల్ల బెల్టు.
ముడి ఎటు తిప్పాలో వారం వారం మర్చిపోతాను.

"కుడిది పైకి అంకుల్" అంటుంది జోషిత.
మూడో తరగతి. ముందు పన్ను ఊడింది.
పచ్చ బెల్టు కాబట్టి నాకు సీనియరు.

రెహానా మేడంకి ఇరవై నాలుగు.
ఆటోనగర్లో మా షెడ్డు ఎదురు టైర్ల కొట్టు
మస్తాన్ గారి రెండో అమ్మాయి.
నా లేతు కింద రాలిన ఇనప చుట్టలు ఏరుకుని
గాజులని తొడుక్కుని
మణికట్టు కోసుకున్న పిల్ల.
ఇప్పుడు నా భుజం మీద రెండు వేళ్ళు ఆనించి
"ఇక్కడ బిగుసుకుంటున్నారు" అంటుంది,
బేరింగు పోయిన చోటు పట్టుకున్నట్టు.

ఇచ్, ని, సాన్, షి...
పది దాటితే అంకె లేదు ఇక్కడ.
మళ్ళీ ఒకటి.
అది నచ్చింది నాకు.
వడ్డీ గానీ కరెంటు బిల్లు గానీ
ఏనాడూ పది దగ్గర ఆగలేదు.

సామ్రాజ్యం నవ్వింది.
"ఈ వయసులో ఎవర్ని కొడదామని?"
నవ్వుతూనే తెల్లచొక్కా మీద గ్రీజు మరకకి
కిరసనాయిలు రుద్దింది.
ఆవిడకి చెప్పలేదు.

కొట్టడం నాకు వచ్చు.
దానికి ఫీజు కట్టక్కర్లేదు.
మా మేస్త్రీ నేర్పాడు, స్పానరుతో,
ఆయన మేస్త్రీ ఆయనకి నేర్పినట్టే.

మొన్న మే నెలలో ఏసుబాబు
చక్కులో తాళం మర్చిపోయి స్విచ్చి వేశాడు.
తాళం లేచి
నా చెవి పక్కనుంచి పోయి
రేకు గోడకి బెజ్జం పెట్టింది.
భయం నాది.
దెబ్బలు వాడివి.
పదిహేడేళ్ళ వాడు
రెండు చేతులూ తలమీద కప్పుకుని
గోడవైపు ఒదిగిన తీరు ఉందే,
అది నా వీపుకి తెలుసు.

షాఫ్టు మీద వెంట్రుక మందం ఎక్కువుంటే
నా వేలికి తెలుస్తుంది.
పనిముట్టుని అర థౌ దగ్గర ఆపుతాను.
చేతిని
ఎక్కడాపాలో ఏ కొలబద్దా చెప్పలేదు.

చేరిన రోజు అడిగాను,
"ఆపడం కూడా నేర్పుతారా అమ్మా?"
రసీదు రాస్తూ తలెత్తి చూసింది రెహానా.
"నెలకి ఆరొందలు. ఆపడానికీ అంతే."

ఎదుటి ముఖానికి నూలు దూరంలో గుద్దు ఆగాలి.
ఎదురుగా జోషిత.
నా పిడికిలీ దాని ముఖమూ ఒక సైజు.
మొదటి రెండు నెలలు
మూరెడు దూరంలోనే చచ్చిపోయేది నా చెయ్యి.
"నాకు గాలన్నా తగల్లేదు" అని జోషిత ఫిర్యాదు.
"అది ఆపడం కాదండీ,
అసలు పంపలేదు మీరు" అంది మేడం.

పసుపు బెల్టు పరీక్ష తప్పాను,
ఒంటికాలి మీద నిలవలేక.
జోషిత తన చాక్లెట్టులో సగం ఇచ్చింది.
సగమే. కొరికి, కొలిచి.

బుధవారం, కరెంటు పోయొచ్చిన హడావిడిలో
మళ్ళీ చక్కులో తాళం.
మళ్ళీ వాడి వేలు స్విచ్చి మీద.
"ఒరేయ్!" అని నా గొంతు,
గొంతు కంటే ముందు నా చెయ్యి.

వాడి మోచేతికి నూలు దూరంలో
ఆగింది.
వణికింది గానీ ఆగింది.

తాళం తీసి బల్లమీద పెట్టాను.
పక్క షెడ్డులో ఎవరో సుత్తి కొడుతున్నారు.
ఏసుబాబు చేతులు తలమీదే ఉన్నాయి,
కళ్ళు గట్టిగా మూసుకుని.
నేను ఆపిన సంగతి వాడికేం తెలుసు?
రావలసిన దెబ్బ కోసం
ఇంకా నిలబడే ఉన్నాడు.

రెండడుగులు వెనక్కి వేశాను.
ఇచ్, ని, సాన్...
మనసులోనే, పది దాకా.

తెరవలేదు కళ్ళు.

మళ్ళీ ఒకటి.