చెయ్యెత్తిన కాడ

ఈదమ్మ ఎర్రావు ఈనడానికి ఇంక ఇరవై దినాలు.
పోయినేడు మాయ పడలె.
మూడు దినాలు ఏలాడి, మురిగి,
పొదుగు ఒక పక్క రాయైంది.
పాలల్ల పెరుగు తునకలు, సన్నటి నెత్తురు జీర.
మర్రిగూడ పాలకేంద్రమోళ్లు క్యాను మూత తీసి, మళ్ల పెట్టి
"తీస్కపో అవ్వా" అన్నరు.

అందుకే ఈసారి ముందే వచ్చిన,
సంచిల మందుసీసా, జేబుల సూది.
"ఏం మందు బిడ్డా?"
సెలీనియం అన్న.
"గదేం పేరు?"
పాతకాలంల ఏదో దేశమోళ్లు చంద్రుణ్ని పిలిచిన పేరట.
ఈదమ్మ రేకుల సందులకెల్లి పైకి చూసింది.
పట్టపగలు. ఏం కనపడలె.

ఎట్ల చెప్పాలె?
పొదుగంటే సంచి కాదు, లెక్కలేనన్ని గదులు.
గది గదికి గోడ పొడుగునా ఒక్క వరుస కణాలు
రాత్రనక పగలనక నెత్తురు తోడి పాలు వంచుతయి.
అంత పనిల నిప్పురవ్వలు రాల్తయి,
ఆర్పేటోడు లేకుంటె కణం తన్ను తానే కాల్చుకుంటది.
ఆర్పేటోడు ఒక మాంసకృత్తు.
వాని గుండెకాయల ఒక్క అణువు,
ఒకే ఒక్కటి, చంద్రునిది.

బస్సు లెక్క అనుకో అవ్వా,
దేవరకొండ డిపో బస్సు.
కణంల రాత వెంబడి ఒక బండి నడుస్తది,
మూడక్షరాలకొక ప్యాసింజర్ని ఎక్కించుకుంట.
ఒకకాడ మూడక్షరాలు
"ఆఖరు స్టాపు, దిగుండ్రి" అంటయి.
వచ్చిన బండ్లన్ని ఆడనే ఖాళీ అయితయి.
గని కొన్ని రాతలల్ల
బండి ఇంక చేరని దూరపు మలుపుల
రాతే వంగి, మడతపడి, చెయ్యెత్తి నిలవడ్తది.
ఆ చెయ్యి చూసిన డ్రైవరు ఆఖరు స్టాపును ఆఖరు చెయ్యడు.
చంద్రుని మూట మోసుకొచ్చినోణ్ని ఎక్కించుకొని
ముందటికే పోతడు.

మూట రాకుంటె?
బండి ఆగుతది. సగం మాంసకృత్తు, దేనికీ రాని ముక్క.
పోయినేడు ఎన్ని ఆగినయో ఈ పొదుగుల.

ఈదమ్మ సీసా ఎత్తి చూసింది.
"గీ సుక్కకు గింత కతనా?"
గింతే. ఎక్కువైతే డెక్కలూడుతయి.

"ఎక్కువైతే ఏమైతదో
నాకు జెప్తున్నవా?"
చీర మోకాళ్ల దాక లాగింది.
ముప్పై ఏండ్లు బోరింగు నీళ్లు తాగిన ఎముకలు,
బయటికి వంగి, విల్లు లెక్క.
నీళ్లల్ల ఎక్కువైంది ఒకటి,
మేతల తక్కువైంది ఒకటి,
రెండూ ఒకే దొడ్ల.

మెడకండల సూది దించిన.
ఎర్రావు తోలు ఒక్కసారి వణికించి ఊకుంది.

ఇరవై రెండో నాడు ఫోను.
"కోడెదూడ. తెల్లారకముందే మాయ పడ్డది,
గుంత తీసి పూడ్చిన. పొదుగు మెత్తగున్నది."
సూది వల్లనో, తవుడు మార్చినందుకో,
ఒక్క ఆవు మీద ఏదీ రుజువు గాదు.
రిజిస్టర్ల రాసిన: మాయ సకాలంల పడ్డది.

మొన్న పోతె జున్నుడబ్బ బండికి తగిలించి
హాండిలు విడువలె.
"ఎక్కించుకునే బస్సు జెప్పినవ్.
దించే బస్సు లేదా బిడ్డా,
నా ఎముకలల్లకెల్లి?"

మర్రిగూడ స్టేజి దాటిందాంక
డబ్బ మోకాలికి తగులుతనే ఉన్నది,
ఇంక వేడి.