మూడో అంతస్తు దాకా

అబిడ్స్‌ల ఐదంతస్తుల బిల్డింగు,
దాంట్ల ఒక ఇనుప జాలి లిఫ్టు,
లిఫ్టుల ముక్కాలి పీట,
పీట మీద మా తాత లింబాద్రి.
ఇరవై తొమ్మిదేండ్లు
కూసున్నకాడనే కూసోని
పట్నాన్నంత ఎక్కిచ్చిండు, దించిండు.
"నా లెక్క పైకొచ్చినోడు లేడు బిడ్డా,
దినాం నూరుసార్లు వస్త" అనెటోడు.
రాత్రి చెప్పులిప్పుకుంట
"నూరుసార్లు కిందికి గూడ" అని కలిపెటోడు.

జాలి తలుపు గర్రుమంటే కథ షురూ.
"అఫ్జల్‌గంజ్‌ల ఒక మేక బస్సెక్కింది.
కండక్టరు టికెటన్నడు. మేక ఏమన్నదంటే..."
ఒకటో అంతస్తు!
బట్టల దుకాణం గుమాస్తాలు దిగాలె.
"ఉస్కే బాద్?"
"ఉస్కే బాద్ కల్. మేక యాడికి పోదు,
బస్సు ట్రాఫిక్‌ల ఉన్నది."

రెండో అంతస్తుకు మేక హాఫ్ టికెట్టు అడిగేది:
"నాకు రెండేండ్లే, గడ్డం జూసి మోసపోకు."
మూడో అంతస్తుకు పుత్లీబౌలి కాడ బస్సాగేది,
ఎక్కినోళ్ళంత రెండు పార్టీలు,
డ్రైవరు మేక దిక్కు.
సరిగ్గ ఆడ్నే
"మూడు! వకీలు సాబులు, టైపు మిషిన్లు, దిగుండ్రి!"

కొందరు పనిలేకున్నా పైదాక పోయి
మెట్ల మీదికెల్లి దిగొచ్చెటోళ్ళు.
నాలుగో అంతస్తు పండ్ల డాక్టరు
తాతకు రెండు పండ్లు ఉత్తగనే పీకిండు,
కథ బాకీ కింద.

ఎండకాలం సెలవుల్ల
నేను తాత మోకాళ్ళ నడుమ నిలబడి తిరిగేదాన్ని.
గ్రీసు వాసన, జర్దా వాసన,
ఎవరిదో టిఫిను డబ్బాల మామిడికాయ పప్పు వాసన.
ఒకనాడు రెండుకూ మూడుకూ నడుమ కరెంటు పోయింది.
చీకట్ల ఎనిమిది మంది, చెమటలు.
ఒక్కరు తిట్టలే.
కరెంటొచ్చినంక గూడ
"ఆగు లింబాద్రి, జర ఆగు, మీట ఒత్తకు" అన్నరు.
కింద మేనేజరు గంట మీద గంట కొడుతుండు.

ఇంట్ల మాత్రం సగం కథకే గురక.
"నీ కథలల్ల ఒక్కదానికన్న తోకున్నదా?" అనేది అవ్వ.
"మేకకున్నది గదనే, చిన్నది."
అవ్వ మొగం అటు తిప్పుకునేది,
భుజాలు మాత్రం ఊగేవి.

పోయిన మాఘంల తాత పోయిండు.
దినాల నాడు కాచిగూడ గల్లీల షామియాన కింద
మాకెరుకలేని ముసలోళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూసున్నరు.
చేతికర్ర పట్టుకోని ఒకామె అవ్వ పక్కకు జరిగింది.
మనోరమట, వకీలు కాడ టైపిస్టు.
చానసేపు ఏం మాట్లాడలే.
ఆఖరికి చెవుల అడిగింది:
"తప్పనుకోకమ్మా, పదకొండేండ్లు మూడుల్నే దిగిన,
పైకి పోదామంటే సారు గడియారం సూశెటోడు.
ఆ మేక... దిగిందా?"

మా నాయిన ఏడుపు నడుమ ఫక్కున నవ్విండు.
ఎన్కకెల్లి ఐదో అంతస్తు ఇన్సూరెన్సు ఖలీల్ సాబ్:
"మేక దిగలే మేడం, కండక్టరే దిగిండు,
సంచీ మేక మెడకేసి."
"గలత్!" పండ్ల డాక్టరు కంపౌండరు లేశిండు,
"మేక టికెట్లన్ని నమిలింది, చెకింగోడొచ్చిండు,
బస్సుల ఉన్నోళ్ళందరికి జుర్మానా."
వాచ్‌మన్ బుచ్చిలింగం చేతులు నలుపుకుండు:
"నేను కిందనే ఉంటి.
నాకు బస్సెక్కుడు దాకనే ఎరుక."

లొల్లి పెరిగింది. ఇస్తార్ల అన్నం సల్లారింది.
"ఇవి దినాలా, పెండ్లా?" అని ఎవరో గులిగిండ్రు.
అవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది,
నవ్వుకో, దేనికో.

రాత్రి అందరు పోయినంక
అటక మీది ముక్కాలి పీట దింపమన్నది.
లిఫ్టు పీకేసిన్నాడు తాత మోసుకొచ్చింది అది.
దాని మీద కూసోని కాళ్ళు ఒత్తుకుంట
"వాళ్ళందరిది తప్పే" అన్నది.
"మేక ఏడ దిగిందో నాకొక్కదానికే ఎరుక."

"ఏడనే అవ్వా?"

"రేపు" అని లైటార్పింది.