అరగని దిమ్మ

మొఆన్యాలో వాన నిలువునా పడదు.
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి
మా షెడ్డు రేకుల కింద దూరుతుంది.
అందుకే జింకు కరిగించే రోజున
ఊషియా తెల్లారకముందే అచ్చులు వేడిచేస్తుంది.
తడి చుక్క ఒక్కటున్నా చాలు,
లోహం లేచి మొహాన ఉమ్ముతుంది.
ఆమె ఎడమ చెంప మీద ఆ మచ్చ ఇంకా ఉంది,
పెసరగింజంత.

నేను అక్కడ బిల్లులు రాస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఒకటే వాక్యం:
ఓడ అడుగుకు జింకు దిమ్మలు, ఇన్ని,
తూకం ఇంత, అరవై రోజుల అరువు.
అరవై అంటే నూట ఇరవై అని
షిప్‌యార్డుకీ తెలుసు, మాకూ తెలుసు.

చెప్పుకుంటే చిన్న పనే.
ఉప్పునీళ్లు ఉక్కుని కొరుకుతాయి.
పక్కన జింకు ఉంటే ముందు దాన్ని కొరుకుతాయి.
అంతే.
ఇంజనీర్లు దీన్ని బలి అంటారు.
ఊషియాకి ఆ మాట గిట్టదు.
"బలికి ఎవరైనా బిల్లు వేస్తారా? ఇది సరుకు."

ఎవరి ఉప్పు తింటే వాళ్లకి మనం విశ్వాసంగా ఉంటాం.
దీన్ని ఉప్పే తింటుంది,
అయినా కట్టుకున్న ఓడని వదలదు
అనుకున్నాను ఒకసారి.
పైకి అనలేదు, నవ్వుతుందని.

పడవలు డ్రైడాక్ ఎక్కినప్పుడు
పాత దిమ్మలు మా దగ్గరికి వెనక్కొస్తాయి,
గుంటలు పడి, అంచులు పోయి,
చప్పరించి వదిలేసిన బెల్లం ముక్కల్లా.
వాళ్ల నాన్న ఎలాదియో చెక్కిన చేప గుర్తులో
తోక మిగిలితే గొప్ప.
వాటిని తూచి, పోయిన బరువు నాతో రాయించి
"బాగా తిన్నారు" అంటుంది,
విస్తళ్లెత్తే మనిషిలా.

ఆ ఫిబ్రవరిలో
'దోస్ ఇర్మాన్స్' పడవ యజమాని సెవెరీనో
పాత పేపర్లో చుట్టిన దిమ్మ ఒకటి తెచ్చి
నా బిల్లుల మీద ధడాల్న పెట్టాడు.
నాలుగేళ్లు ఐర్లాండు పడమటి నీళ్లలో తిరిగింది.
చేప చెక్కుచెదరలేదు.
పొలుసులున్నాయి, కన్ను ఉంది,
రెప్ప వేస్తుందేమో అన్నంత నిండుగా.
మా షెడ్డు నుంచి పోయింది ఏదీ
ఇంత అందంగా తిరిగి రాలేదు.
నాకు తల కొట్టేసినట్టయింది.

చుక్కాని చుట్టూ రేకు జల్లెడైందట.
కోసి అతకడానికి పద్దెనిమిది వేల యూరోలట.
పాత బాకీ ఇవ్వడట. ఇకమీద
సగం ధరకి ఇంకెక్కడో కొంటాడట.

ఊషియా మాటకి మాట ఇవ్వలేదు.
దిమ్మని కిటికీ వెలుగుకి తిప్పింది.
మధ్యాహ్నం ఆల్చిప్పలు తెరిచే చాకుతో
చేప రెక్క కింద గీకింది.
బూడిదరంగు పొర ఒకటి
పాల మీగడలా మడతలు పడి లేచింది.
దాని కింద ఇంకో బూడిదరంగు.
అది జింకు, నీళ్ల ముఖం చూడనిది.

పైది పెయింటు.

వాన రేకుల్ని అడ్డంగా కొడుతూనే ఉంది.
సెవెరీనో టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
"మా బ్రాయిస్ వేశాడు. అప్పటికి పదహారేళ్లు.
జానెడు చోటు కూడా వదలొద్దని
నేనే చెప్పాను" అన్నాడు.
కాసేపాగి,
"ఎంత శుభ్రంగా వేశాడో" అన్నాడు,
పొగడ్తా తిట్టా తనకే తేలనట్టు.

ఊషియా దిమ్మని తూచింది.
పదకొండు కిలోల నాలుగొందలు,
వెళ్లినప్పుడెంతో అంతే.
పోయిన బరువు అన్న గడిలో
నా చేత మొదటిసారి సున్నా రాయించింది.
దాన్ని మూసలో వేస్తే పెయింటు నల్లగా పొగలేచింది.
ముగ్గురం దగ్గాం.
చేప ముందు కన్ను పోగొట్టుకుంది, తర్వాత తోక.

పన్నెండు దిమ్మలు కావాలన్నాడు.
అరవై రోజులు, రాశాను.
అడుగున ఇంకో వాక్యం రాయమంది ఊషియా:
వీటి మీద రంగు వేయరాదు.
ఇరవై రెండేళ్లలో రాయాల్సి రాలేదు.
తెలియనివాళ్లుంటారని తోచలేదు మాకు.

అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
పై జేబులో పెట్టబోయి, ఆగి,
స్వెట్టర్ కింద చొక్కా లోజేబులో పెట్టుకున్నాడు.
బయట వ్యానులో బ్రాయిస్ ఉన్నాడు,
అద్దం దించి, చెయ్యి చాపి,
వాన ఎటు నుంచి వస్తుందో చూస్తూ.