పచ్చివంట

నలభై రెండేళ్ళు పెళ్ళిళ్ళకి వండాను.
గాడిపొయ్యి, గుండిగలు, సరుగుడు కర్రలు.
ముంజేతుల మీద నూనె చిట్లి మానిన మచ్చలు లెక్కపెడితే
కోనసీమలో ఎన్ని పందిళ్ళు లేచాయో చెప్పొచ్చు.

రాజమండ్రి డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటోని
కిటికీ వెలుతురుకెత్తి చూసి
"పొయ్యికీ నీకూ ఇక చెల్లు" అన్నాడు.
బస్సు రావులపాలెం దాటేదాకా
నా చేతులు ఒళ్ళో ఏం చెయ్యాలో తెలీక కూచున్నాయి.

మర్నాడు దొడ్లో
గెల కోసేసిన అరటిచెట్టు నిలబడుంది,
నాలాగే, పనైపోయి.
డొప్ప మీద డొప్ప ఒలిచాను.
లోపల దూట,
అప్పుడే నీళ్ళుపోసిన పసివాడి చెయ్యిలా.
చక్రాలు తరిగి, సాగే పీచుని
చూపుడువేలికి చుట్టి చుట్టి లాగి,
నిమ్మరసం పిండిన నీళ్ళలోకి జారవిడిచాను.
ఆవాలూ పచ్చిమిరపకాయా ఉప్పూ రోట్లో నూరి కలిపాను.
ఘాటు ముక్కుకెక్కి కళ్ళు కారాయి.
పొగ లేకుండా ఏడవడం అదే మొదలు.

ధనకొండ వచ్చాడు. నా గరిటె ఇప్పుడు వాడి చేతిలో ఉంది.
"ఇదేం వంటండీ మేస్త్రీగారూ, మేకలకా?"
"వడపప్పు ఎవడుడికించాడ్రా? చలిమిడి ఎవడు కాల్చాడు?
దేవుడికి పెట్టేవి పచ్చివేగా!"
"మరి చలిమిట్లో బెల్లమండీ?
పెనంలో మరిగి మరిగి వచ్చిందే గదా?"
నిజమే. వెధవ, నా దగ్గరే నేర్చుకున్నాడు.
ఆ రోజు నుంచి బెల్లం మాని
మచ్చలుపడి మెత్తబడ్డ అమృతపాణి పళ్ళు మెదుపుతున్నాను.
ఉప్పు మాత్రం వదల్లేదు.
అది ఎండలో ఉడికిందని వాడూ ఒప్పుకున్నాడు.

శ్రావణంలో వాక్కాయలు, పచ్చికొబ్బరితో దంచి.
మొలకెత్తిన కాయలో తెల్లటి పువ్వుని
గిన్నెలా తొలిచి, దాన్నిండా కొబ్బరిపాలు, అల్లం.
కార్తీకంలో బుర్రగుంజు.
గాలివానకి పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు కూలితే
వాళ్ళు మొదలు దగ్గర నిలబడి బాధపడుతుంటే
నేను చివరి దగ్గర నిలబడ్డాను, మొవ్వ కోసం,
కత్తి వెనక దాచుకుని, సిగ్గుపడుతూ.

అన్నీ కుదరలేదు.
అరటిపువ్వు ఒగరుకి నాలుక బిగుసుకుపోయి
మధ్యాహ్నందాకా మాట రాలేదు.
చక్రవేణి ఆ పూటంతా చాలా సంతోషంగా ఉంది.
కందని మాత్రం ముట్టుకోలేదు.
దాని కోపం నిప్పు ఒక్కదానికే తెలుసు.

నలభై రెండేళ్ళూ
నేను రుచి చూసింది పోపునేనేమో.
దూటకి పంటకాలవ నీళ్ళ వాసన ఉంటుందనీ
వాక్కాయ కొరికితే ముందు పాలు, ఆనక పులుపు అనీ
ఏ పెళ్ళిలో తెలిసింది నాకు?
పచ్చి అబద్ధం అంటాం, పచ్చి తాగుబోతంటాం.
బాలింతని కూడా పచ్చి ఒళ్ళనే అంటాం,
అప్పుడు గొంతు తగ్గించి,
తలుపు దగ్గరికేసి.

నిన్న రాత్రి పదకొండింటికి
ముక్కామల పెళ్ళి ముగించుకుని ధనకొండ వచ్చాడు,
చొక్కా నిండా నూనె కంపు, కళ్ళు చింతనిప్పులు.
పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట.
వండినవాడికి ఆకలి ముందే చచ్చిపోతుంది, నాకు తెలుసు.
పళ్ళెంలో దూట పెట్టాను.
నిలబడే తిన్నాడు. బావుందనలేదు.
పళ్ళ సందు పీచు లాక్కుంటూ
"నాలుగొందల మందికైతే
ఎన్ని చెట్లు కావాలండీ?" అన్నాడు.

తెల్లారింది. ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాను.
లోపల చక్రవేణి కాఫీకి పొయ్యి వెలిగించింది.
అగ్గిపుల్ల వాసనకి లేచి అరుగు మీదకి జరిగాను.
చూపుడువేలికి దూట పీచు
చుట్టుకునే ఉంది,
తడిగా.