ఇతరములు

కాశీబుగ్గలో వెనక సందు. పదకొండో ఇల్లు.
గుమ్మంలో చెప్పులు విడిస్తే
అరికాళ్లకి జీడిపొట్టు అంటుకుంది.

"కూకోమ్మా. ఆ గోనె మీద కాదు, అది షావుకారి సరుకు"
అంది దుంపల దమయంతి
చేతులు ఆపకుండా.

ట్యాబు తెరిచాను.
కుటుంబ పెద్ద?
"రాసుకో, ఈశ్వర్రావు. పారాదీప్ ఎల్లి ఏడు నెల్లయింది.
ఫోనెత్తితే ఆడే పెద్ద, ఎత్తకపోతే నానే."
ఆ రెండో మాటకి గడి లేదు.

వృత్తి? కిందికి జరిపాను.
రైతు, కూలి, వ్యాపారం, ఉద్యోగం, గృహిణి.
సందేహం వస్తే దగ్గరగా ఉన్నది నొక్కేయమని
శ్రీకాకుళం శిక్షణలో చెప్పారు.
ఒళ్లో చాట, చాటలో పప్పు,
పప్పు మీది పొరని ఊడదీస్తున్న వేలిగోరు,
చూస్తూ చూస్తూనే
గృహిణి అని నొక్కాను.
సాయంత్రానికి ఇంకా నలభై రెండు ఇళ్లు.

పనిగంటలు?
"గుంటలు బడికెల్లాక కొంత. కరెంటు పోతే గుమ్మంలో కొంత.
సిన్నోడి జొరానికి మేలుకున్న రాత్రి
రెండు కేజీలు ఎక్కువే వొచ్చింది."
అంకె వేస్తే గానీ తరవాతి ప్రశ్న రానంది.
సున్నా వేశాను.

పెద్దపిల్ల లిఖిత. ఆరో తరగతి.
చదువుతున్నది. అది నిజమే.
గోళ్ల సందున ఎర్రపొట్టు. అదీ నిజమే.
మనిషికి ఒకటే టిక్కు.

మూల మంచం మీద అత్త, బైరమ్మ.
ముప్పై ఏళ్లు బట్టీలో పిక్కలు కొట్టిన చెయ్యి.
బొటనవేలు అద్దం మీద పెట్టించాను. ఎర్ర దీపం.
కొంగుతో తుడిచి పెట్టించాను. ఎర్ర దీపం.
ఆ గీతల్ని జీడిసొన ఎప్పుడో చదివేసుకుంది.
"నాను లేనంటాదేటి అది?"
నవ్వుతూ ముసిల్ది ఆ వేలితోనే
గరుగ్గా నా చెంప గిల్లింది.

లేవబోతుంటే దమయంతి:
"రాసుకున్నది ఓపాలి సదివి ఇనిపించు.
పోయినేడు వొచ్చినోళ్లూ రాసుకుపోనారు.
ఏటి రాసేరో మాకు తెల్దు."

చదివాను.
పని లేదు. ఆదాయం లేదు. వేలిముద్ర లేదు.
అంతా విని, చాట కింద పెట్టి,
"ఈ ఇంటావిడెవులో గానీ పాపం" అంది,
"ఎలాగ బతకతందో."

అప్పుడు చూపించింది గోడ వార బుట్టలు.
గుండు. బద్ద. ముక్క. నూక.
మాడింది, మచ్చ పడింది, పురుగు తిన్నది.
"ఇరిగినదానికీ ఓ బుట్టుంది మా కాడ. బుట్టకో రేటు.
నీ మిషన్లో ఎన్ని బుట్టలున్నాయేటి?"

వెనక్కి జరుపుకుంటూ పోయాను.
అట్టడుగున ఉంది: ఇతరములు.
నొక్కితే చిన్న గడి తెరుచుకుంది.
ఆవిడ చెప్తోంది, నేను కొడుతున్నాను.
మధ్యలో సూపర్‌వైజర్ ఫోను మోగి మోగి ఊరుకుంది.
తెర మీద నా వేలి మరక, జీడి వాసన.

పంపేశాక చూసుకుంటే
గడిలో పట్టింది ఇంతే:

పప్పు ఒలుస్తుంది. ఇంట్లోనే. కేజీల లెక్క. రాత్రుళ్లు కూ