బస్తా

అమలాపురంలో ఎముకల డాక్టరు
నా ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి
మెడ దగ్గర వేలు ఆన్చి అడిగాడు:
"డెబ్బై రెండంటున్నారు, ఏం పని చేసేవారండీ?"
కుస్తీలు పట్టేవాణ్ణన్నాను.
పదిహేడేళ్లు. టిక్కెట్టు కుస్తీలు.
తీర్థాల్లో, సినిమా హాళ్ల వెనక ఖాళీ జాగాల్లో
డేరా వేసి, నాలుగు గుంజలు పాతి, మోకు బిగించి.
నవ్వాడు.
"ఒక్క పాత దెబ్బయినా లేదే!
ఇది గుమాస్తా మెడండీ."

ఆ మాట నాతోపాటే రాజోలు బస్సెక్కింది.
గన్నవరం దగ్గర
గోదారి మీంచి కాలవని మోసుకెళ్ళే అక్విడక్టు కనపడగానే
బస్తా గుర్తొచ్చాడు.

కొల్లాటి ఏడుకొండలు.
ఆ పేరు పోస్టరు మీద ఆవగింజంత.
నా బొమ్మ మాత్రం తామరాకంత, కోరమీసంతో,
'లంకల బెబ్బులి' అని ఎర్ర అక్షరాలు.
లారీ మీంచి విసిరిన వడ్లమూటలా
దభేలున పడతాడని జనం పెట్టిన పేరు బస్తా.
"బస్తా! బస్తా!" అంటూ
నమిలేసిన తేగల పీచు అతని మీదికి విసిరేవారు.
డేరా యజమాని ముత్యాలరావు
వారం లెక్క చూసేటప్పుడు అనేవాడు:
"ఈడికి పట్టు తెలీదురా, పడ్డం ఒక్కటే తెలుసు."
నాకు ముప్పై. అతనికి ఎనిమిది.
ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

తొంభై కిలోల మనిషిని
తల మీదికి ఎత్తేవాణ్ణి, రోజుకి రెండాటలు.
ఎత్తాననుకున్నాను.
నా మణికట్టు మీద రెండుసార్లు తట్టి
"మోకాలియ్యి" అని గొణిగి
తనే ఎక్కేవాడు, మెట్టెక్కినట్టు.
పడేటప్పుడు ముందు అరచెయ్యి పలకని కొట్టేది.
చప్పుడు డేరా అంతా తిరిగొచ్చాక
తీరిగ్గా ఒళ్లు దిగేది.
అది నా బలం చప్పుడనుకుని
మీసం తిప్పాను.

అంతర్వేది తీర్థం, రెండో ఆట.
మంచుకి పలకలు తడిసిపోయాయి.
అతన్ని ఎత్తి తిప్పుతుంటే నా ఎడమకాలు జారింది.
తల కిందికి, గుంజ అంచు మీదికి
నేను పోతున్నానని నాకే తెలీలేదు.
గాల్లో ఉన్నవాడికి తెలిసింది.
ఎలా మెలి తిరిగాడో,
నాకంటే ముందు నేల చేరి
నా తల కింద తన భుజం పెట్టాడు.
"బస్తా చిరిగిందిరోయ్!"
ఎవడో ఈలేశాడు.
నా చెయ్యి పైకెత్తి గెలిచానన్నారు.
మెడలో బంతిపూల దండ.
అతన్ని పంటు మీద నర్సాపురం ఆస్పత్రికి దాటించారు.
చూడ్డానికి వెళ్లలేదు నేను.
మర్నాడు కొత్త బస్తాని తెచ్చారు,
వాడు నిజంగానే బస్తా.
నాలుగు నెలల్లో డేరా ఎత్తేశారు.
జనం మోజు తీరిందన్నారు, కాబోలనుకున్నాను.

సఖినేటిపల్లి రేవులో
పంటు మీద టిక్కెట్లు చింపుతున్నాడు.
"ఏడుకొండలూ" అని పిలిస్తే
తల తిరగలేదు.
మనిషంతా తిరిగాడు, తలుపు తిరిగినట్టు.
ఫిల్ము కవరు వెనక్కి దాచుకున్నాను.

"ఇన్నాళ్లూ నేనే గెలిచాననుకున్నానురా."
"నువ్వే కదా గెలిచింది. ముందే అనుకున్నదేగా?"
"అది కాదు..."
"ఎడమకాలు ముందేసేవోడివి.
ఇప్పుడేం చేస్తాడో ఎనకబెంచీ పిల్లోడిక్కూడా తెలిసిపోయేది.
దాన్ని కప్పలేక చచ్చేవోణ్ణి."
కోపం లేదు ఆ గొంతులో.
పనివాడు పనివాణ్ణి తిట్టే తిట్టు.
పదిహేడేళ్లలో నా కుస్తీ గురించి
నాతో ఎవరైనా నిజం మాట్లాడ్డం అదే మొదలు.

పంటు నర్సాపురం ఒడ్డుకి గుద్దుకుంది.
సైకిళ్లు ఒకదాని మీదొకటి ఒరిగాయి.
నేను తూలేసరికి
మెడ వెనక అప్పటికే
అతని అరచెయ్యి.
అటు తిరిగి ఎవరితోనో గొడవ పడుతున్నాడు,
మేకపిల్లకీ టిక్కెట్టు తియ్యాలని.